బొమ్మలు చూసే ముందు ఆకులు లెక్కపెట్టు

బుజ్జీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నీకు ఇంగ్లండ్‌లో రీసెర్చ్ సీటు వచ్చిందని, బైబిల్లో చివరిదైన ప్రకటన గ్రంథం బొమ్మలున్న పాత రాతప్రతులను పోల్చి చూసే పని పెట్టుకున్నావని చెప్పింది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. మన ఇంట్లోంచి ఇంకో ఆడపిల్ల ఆ పుస్తకాల ముందు కూర్చోబోతోందంటే కడుపు నిండిపోయింది. తెల్లవారుజామున మాత్రం భయం పట్టుకుంది. అక్కడ నేను చేసిన ఒక తప్పు గురించి నీకెప్పుడూ చెప్పలేదు. మీ అమ్మకీ పూర్తిగా తెలీదు. అందుకే కాఫీ కూడా తాగకుండా కాగితం ముందు కూర్చున్నాను.

ముందు చిన్న చిన్నవి చెప్పేస్తాను. లాటిన్ ఇప్పటి నుంచే మొదలుపెట్టు, విమానం ఎక్కాక అనుకోకు. రీడింగ్ రూములో పెన్ను తీయకు, పెన్సిలే. చేతులు కడుక్కుని బాగా తుడుచుకో. మామూలుగా గ్లవ్స్ అడగరు, శుభ్రమైన వేళ్ళకే పుస్తకపు ఆకు అంచు సరిగ్గా తెలుస్తుంది. అక్కడ డిసెంబరులో నాలుగు గంటలకే చీకటి పడుతుంది, మనసు ఊరికే దిగులు పడుతుంది. ఆ రోజుల్లో గదిలో ఒక్కదానివే ఉండకు. మధ్యాహ్నం భోజనం మానేశావని తెలిస్తే ఊరుకోను.

స్పెయిన్ ప్రతుల్నీ ఇంగ్లండ్ ప్రతుల్నీ పక్కపక్కన పెట్టి చూస్తానన్నావట. మంచి జోడీయే. స్పెయిన్ ఉత్తరాన కొండల మధ్య లియేబానాలో బియాటస్ అనే సన్యాసి 776 ప్రాంతంలో ప్రకటన గ్రంథానికి వ్యాఖ్యానం కూర్చాడు. నాలుగైదు వందల ఏళ్ళ పాటు దాన్ని బొమ్మలతో సహా తిరగరాస్తూనే ఉన్నారు. మాయుస్ గీసిన ప్రతి ఇప్పుడు న్యూయార్క్ మోర్గాన్ లైబ్రరీలో ఉంది. ఫెర్నాండో రాజు, సాంచా రాణి కోసం 1047లో ఫకుందుస్ రాసింది మాడ్రిడ్‌లో ఉంది. సీలోస్ మఠం వాళ్ళది లండన్‌లో ఉంది. దాని రాత 1091లో అయిపోయినా బొమ్మలు ముగిసేసరికి 1109 వచ్చింది. వీటిలో ఆకాశం ఉండదు, నీడ ఉండదు. పసుపు, ఎరుపు, నీలం పట్టీలు అడ్డంగా పరిచి, వాటి మీద పెద్ద కళ్ళ మనుషుల్ని నిలబెడతారు. ఇంగ్లండ్ ప్రతులు పదమూడో శతాబ్దానివి. సన్నని గీత, పల్చటి రంగు, గాలికి కదిలినట్టుండే బట్టల మడతలు. గెట్టీ మ్యూజియంలో ఉన్న ప్రతిలో, ఆ దర్శనం చూసిన యోహాను, బొమ్మ చట్రానికి పక్కనే నిలబడి, చిన్న కిటికీలోంచి దర్శనాన్ని తొంగి చూస్తుంటాడు. ఆక్స్‌ఫర్డ్‌లోని డౌస్ ప్రతి పూర్తి కాకుండానే ఆగిపోయింది. అందుకే దాని చివరి ఆకుల్ని మొదట చూడు. ఒక చోట ఉత్త గీతలే ఉంటాయి, ఒక చోట బంగారు రేకు అంటించి రంగు వేయకుండా వదిలేశారు. పని ఏ వరసలో నడిచిందో అక్కడ కళ్ళకు కనబడుతుంది.

పోలిక కనబడగానే ఇది దాన్ని చూసి గీశారు అని రాసేయకు. ఆ చిత్రకారుడి ముందు ఏ వాక్యం ఉందో ముందు తెలుసుకో. బియాటస్ వాడిన లాటిన్ పాఠం పాతది, తర్వాత అందరూ వాడిన వల్గేటు అనే లాటిన్ బైబిలుతో అన్ని చోట్లా కలవదు. ఇంగ్లండ్ వాళ్ళలో చాలామంది బెరెంగౌడస్ అనే ఇంకొకాయన వ్యాఖ్యానం పట్టుకున్నారు. ఒకే వచనాన్ని ఇద్దరు గురువుల దగ్గర చదువుకున్నవాళ్ళు ఒకేలా గీయరు కదా. నేను మొదట్లో కింగ్ జేమ్స్ ఇంగ్లీషు బైబిల్ పక్కన పెట్టుకుని కూర్చునేదాన్ని. ఎనిమిదో అధ్యాయం చివర అందులో ఒక దేవదూత ఎగురుతూ అయ్యో, అయ్యో, అయ్యో అంటాడు. ఇంగ్లండ్ ప్రతుల్లో మాత్రం అక్కడ గద్ద ఎగురుతుంటుంది. చిత్రకారుడు పొరబడ్డాడని నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఆ క్రిస్మస్‌కి మన తెలుగు బైబిల్ తీసి చూస్తే అందులో 'పక్షిరాజు' అనే ఉంది! వల్గేటులోనూ గద్దే. ఆ చిత్రకారుడు తన పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు గీశాడు.

మన బైబిల్ గురించి ఇంకో మాట. చిన్నప్పుడు కరెంటు పోయిన రాత్రుళ్ళు మీ అమ్మమ్మ లాంతరు దగ్గర ప్రకటన గ్రంథం చదివేది. 'సూర్యుని ధరించుకొనిన యొక స్త్రీ' అనగానే నేనూ మీ అమ్మా దుప్పటి లాక్కునేవాళ్ళం, తర్వాత ఘటసర్పం వస్తుందని తెలుసు కనుక. ఘటసర్పం అన్నప్పుడు నా మనసులో కనబడింది ఏడు పడగల పామే. రెక్కలూ కాళ్ళూ నేనెప్పుడూ ఊహించలేదు. స్పెయిన్ ప్రతుల్లో అది నిజంగానే పొడుగాటి పాము, మెలికలు తిరిగి రెండు పుటల నిండా పరుచుకుంటుంది. ఇంగ్లండ్ ప్రతుల్లో దానికి రెక్కలుంటాయి, కాళ్ళుంటాయి. మోర్గాన్ ప్రతిలో ఆ బొమ్మ మొదటిసారి చూసినప్పుడు అమ్మ గొంతు వినబడినట్టయింది. అందుకే చాలా ఏళ్ళు బియాటస్ పక్షమే మొగ్గాను, ఇంగ్లండ్ బొమ్మలకు రావలసిన న్యాయం చేయలేదు. నీకూ ఆ మొగ్గు ఉంటుంది, అదే ఒళ్ళో పెరిగావు. కనిపెట్టుకుని ఉండు.

తేదీల దగ్గర జాగ్రత్త. స్పెయిన్ వాళ్ళ పాత లెక్క వేరు. హిరోనా కతెద్రల్‌లో ఉన్న ప్రతి చివర 1013 అని ఉంటుంది. అందులోంచి 38 తీసేస్తే 975. మన శాసనాల్లో శక సంవత్సరానికి 78 కలుపుతామే, అలాంటిదే, ఇక్కడ తీసివేత. ఈ పుస్తకాలన్నీ వెయ్యో ఏడు వస్తోంది, లోకం అంతమవుతుందన్న భయంతో గీసినవని చాలామంది తేలిగ్గా అనేస్తారు. నువ్వు అనకు. సృష్టి మొదలై ఆరువేల ఏళ్ళు 800లో నిండుతాయని బియాటస్ లెక్క. 800 వచ్చింది, పోయింది. బొమ్మలున్న గొప్ప ప్రతులు ఆ తర్వాతే పుట్టాయి. పైగా ఈస్టర్ నుంచి పెంతెకొస్తు దాకా చర్చిలో ఈ గ్రంథం చదివి తీరాలని 633లోనే టొలేడోలో చర్చి పెద్దల సభ తీర్మానించింది. ఏటా చదివే పుస్తకం అది. భయంతో పాటు అలవాటు, భక్తి, మఠం గౌరవం అన్నీ అందులో ఉన్నాయి.

ఇక అసలు సంగతి.

అక్కడికి వెళ్ళిన రెండో ఏడు. నేను పని చేస్తున్న ప్రతుల్లో ఒకదానిలో సూర్యుణ్ణి ధరించిన స్త్రీ బొమ్మ లేదు. ఆ ప్రతి పేరు ఇక్కడ రాయను. అసలు పుస్తకం దూరపు ఊళ్ళో ఉంది, డబ్బు లేదు, మైక్రోఫిల్మ్ తెప్పించుకుని చీకటి గదిలో చూశాను. ముందు బొమ్మా, తర్వాతి బొమ్మా ఉన్నాయి. మధ్యలో ఇది లేదు. ఆకుల మీద అంకెలు చూశాను. వరసగానే ఉన్నాయి, ఎక్కడా తెగలేదు. ఆహా, కావాలనే వదిలేశారన్నమాట అనుకున్నాను. ఆ మఠంలో ఆడవాళ్ళ బొమ్మలంటే ఇష్టం లేదని ఒక ఆలోచన పుట్టింది. ఆ ఆలోచన మీద ఇంకోటి. ముప్ఫై పేజీలు రాశాను. మా టీచర్ మెచ్చుకుంది. నన్ను నమ్మి, ఒక సెమినార్‌లో చదవమని తనే పేరు ఇచ్చింది.

చదివాను. చప్పట్లు కొట్టారు. వెనక వరసలోంచి ఒక పెద్దాయన లేచాడు. పాత పుస్తకాలు బాగుచేసే పనిలో జీవితం గడిపిన మనిషి. చాలా మెల్లగా ఒక్క ప్రశ్న అడిగాడు: ఆ కట్టలో ఎన్ని ఆకులున్నాయి?

నాకు తెలీదు. అసలు లెక్కపెట్టనే లేదు.

నువ్వు ఎప్పటికీ మరిచిపోకుండా విడమరిచి చెబుతాను. నాలుగు పెద్ద తోలు కాగితాలు మధ్యకు మడిచి, ఒకదానిలో ఒకటి పెట్టి కుడితే ఎనిమిది ఆకుల కట్ట అవుతుంది. దాన్ని క్వైర్ అంటారు. పుస్తకమంతా ఎనిమిదేసి ఆకులుంటూ ఒక్క కట్టలో ఏడే ఉంటే, ఎనిమిదోది ఏమైందని అడగాలి. తోలుకు ఒక వైపు వెంట్రుకలు ఉన్న పక్క, ఇంకో వైపు మాంసం పక్క. మొదటిది కాస్త పసుపు, రెండోది తెలుపు. ఎదురెదురు పుటలు సాధారణంగా ఒకే రంగువి పడేలా మడుస్తారు. పసుపుకు ఎదురుగా తెలుపు వచ్చిందంటే మధ్యలో ఏదో పోయిందని అనుమానం రావాలి. ఆకుల మీది అంకెలంటావా, అవి ఎప్పుడో తర్వాత లైబ్రరీ వాళ్ళు పెన్సిల్‌తో వేసినవి. ఆకు పోయాక వేస్తే వరస తప్పదు కదా!

మర్నాడే అప్పు చేసి రైలెక్కాను. పుస్తకం తెచ్చి నురుగు దిండు మీద పెట్టారు. ఆ చోట తెరిచి, కుట్టు దగ్గరికి వంగి చూశాను. అక్కడ ఉంది. చిటికెన వేలి గోరంత వెడల్పున, పైనుంచి కింది దాకా నిలువుగా ఒక తోలు ముక్క. ఎవరో బ్లేడుతో ఆకు కోసుకుపోగా మిగిలిన మొదలు. దాని మీద నీలం రంగు. ఆ నీలంలో పసుప్పచ్చటి సగం నక్షత్రం. ఘటసర్పం తోకతో ఈడ్చిన నక్షత్రాల్లో ఒకటి. ఎదుటి పుట మీద వంపు తిరిగిన పచ్చటి మరక కూడా ఉంది. రాగితో చేసిన పచ్చరంగు పక్క ఆకుకు అలా దిగుతుంది. మైక్రోఫిల్మ్ నలుపు తెలుపుల్లో అది ఉత్త మురికిలా కనిపించింది.

అంతకంటే నొప్పి కలిగించింది ఇంకోటి. ముందు ఆకు చివర వ్యాఖ్యానంలో వాక్యం మధ్యలో తెగిపోయి ఉంది. తర్వాతి ఆకు ఇంకో వాక్యం నడుమ మొదలవుతోంది. అది మైక్రోఫిల్మ్‌లో కూడా స్పష్టంగా ఉంది. నాకు లాటిన్ వచ్చు. బొమ్మ మీద బొమ్మ చూసుకుంటూ పోయాను, నాలుగు లైన్లు చదవలేదు. అప్పటికి ఎన్నో వందల ఏళ్ళ కిందట చనిపోయిన ఒక మనిషి రోజుల తరబడి కూర్చుని గీసిన బొమ్మను, ఆయన గీయలేదని నలుగురిలో చెప్పాను. ఆయనకు లేని ద్వేషం అంటగట్టాను.

తిరిగొచ్చి టీచర్‌కి చెప్పాను. తిట్టలేదు. తిడితే బాగుండేది. కిటికీ వైపు చూసి, 'ఉత్తరం రాద్దాం, విన్నవాళ్ళందరికీ' అంది. ఇద్దరం కూర్చుని ఒక్కొక్కరికీ రాశాం. ఆ తర్వాత ఏడాది పాటు నేను ఏ పుస్తకం తెరిచినా బొమ్మల వైపు చూడలేకపోయాను. నీకు ఆ ఏడాది రాకూడదు. ఈ ఉత్తరమంతా అందుకే.

నువ్వు నాకంటే చురుకైనదానివి, అదే నా టెన్షన్. ఇప్పుడు స్క్రీన్ మీద అన్నీ రంగుల్లో దొరుకుతాయి, రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టడం రెండు క్షణాల పని. వద్దనను, వాడుకో. కానీ స్క్రీన్ మీద కుట్టు కనబడదు, కట్ట కనబడదు. రెండు పుటల బొమ్మను రెండు ఫొటోలుగా కోసి పెడతారు, ఘటసర్పం నడుము దగ్గర తెగిపోతుంది. నచ్చిన బొమ్మ కోసం ఆకులు కోసుకుపోయినవాళ్ళు ఎప్పుడూ ఉన్నారు. బియాటస్ ప్రతుల్లో కార్దేన్యా మఠానిది చూడు, చాలా భాగం మాడ్రిడ్‌లో ఉంది, కొన్ని ఆకులు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్నాయి. ఒక చోటే చూసి ఇది లేదు అంటే ఎలా? ఫ్రాన్స్‌లో ఆంజే అనే ఊళ్ళో ఉన్న, ప్రకటన గ్రంథం బొమ్మలు నేసిన పెద్ద తెరలు కూడా అంతే. 1370లలో ఆంజూ ప్రభువు లూయీ కోసం మొదలుపెట్టారు. ఫ్రెంచి విప్లవం రోజుల్లో వాటిని ముక్కలు చేసి నారింజ చెట్లకు చలి తగలకుండా కప్పారు. ఇప్పుడు మిగిలింది సుమారు వంద మీటర్లు.

కోప్పడ్డానని అనుకోకు తల్లీ. ఎప్పుడైనా నడుం పట్టేసి, ఎందుకొచ్చిన పని అనిపిస్తే ఎమెటేరియుస్‌ను తలుచుకో. గురువు మాయుస్ 968లో పోతే, ఆయన వదిలేసిన పుస్తకాన్ని 970లో ఈయన పూర్తి చేశాడు. తాబర మఠం రాతి గోపురంలో మూడు నెలలు వంగి కూర్చున్నానని, ఒళ్ళంతా హూనమైందని చివర రాసుకున్నాడు. ఐదేళ్ళ తర్వాత హిరోనా ప్రతిలో ఆయన పేరు మళ్ళీ కనబడుతుంది. ఆయన కంటే ముందు ఇంకో పేరు ఉంటుంది: ఎన్, చిత్రకారిణి, దేవుని సహాయకురాలు. ఎందే అని కూడా అంటారు. ఆడమనిషి. ఆ పేరు చదివిన రోజు నేను లైబ్రరీ మెట్ల మీద కూర్చుని ఏడ్చాను, మీ అమ్మమ్మకు ఉత్తరం రాశాను. ఆమె దాన్ని తన బైబిల్లో ప్రకటన గ్రంథం దగ్గరే పెట్టుకుంది, ఇప్పటికీ అక్కడే ఉంది.

ఆ బైబిల్ మీ అమ్మతో పంపిస్తున్నాను, నా భూతద్దం కూడా. బైబిల్ బరువని సూట్‌కేసులోంచి తీసేయకు, పచ్చళ్ళు ఒక సీసా తగ్గించుకో. మొదటి రాతప్రతి నీ ముందుకు వచ్చిన రోజున ప్రతి కట్టలో ఎన్ని ఆకులున్నాయో లెక్కపెట్టి, ఆ రాత్రే నాకు మెసేజ్ పెట్టు. అక్కడ రాత్రి అంటే ఇక్కడ అర్ధరాత్రి దాటుతుంది, పర్వాలేదు, మేలుకునే ఉంటాను. బొమ్మలు ఎలా ఉన్నాయో మర్నాడు చెబుదువుగాని.

నీ పెద్దమ్మ