బీపీ 110 ఉన్నా షాక్ అంటారేంటి?

రక్తం పోతే బీపీ పడిపోవాలి కదా, యాక్సిడెంట్ అయిన మా బావకు 110 ఉండగానే షాక్ మొదలైందన్నారు, ఎలా అని అడిగారు. ఇక్కడ షాక్ అంటే భయంతో నివ్వెరపోవడం కాదు, ఒంట్లోని అవయవాలకు సరిపడా రక్తం అందకపోవడం. క్యాజువాల్టీలో ఏళ్ల తరబడి నర్సుగా చేశాను. మీ ప్రశ్న చదవగానే ఒక కుర్రాడు గుర్తొచ్చాడు.

బైకు మీంచి పడ్డాడు. పైకి కనిపించేవి మోకాలి మీద గీతలే. చక్కగా మాట్లాడుతున్నాడు. బీపీ 112/90. ఫరవాలేదులే అనుకుని సెలైన్ పెట్టడానికి చెయ్యి పట్టుకున్నాను. మంచుముక్కలా ఉంది, చెమటకి నా చేతిలోంచి జారిపోతోంది. గోరు నొక్కి వదిలాను. రెండు సెకన్లలో తిరిగి రావలసిన ఎరుపు నాలుగు దాటాక గానీ రాలేదు. నాడి 128. "దాహం సిస్టర్, కొంచెం నీళ్లివ్వండి" అని ఒకటే గొడవ, మాటిమాటికీ లేచి కూర్చోబోతున్నాడు. ఇవ్వలేదు. ఆపరేషన్ పడితే మత్తులో వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వెంటనే డాక్టర్‌ని పిలిచాను. స్కాన్‌లో చూస్తే, పొట్టలో ఎడమవైపు పక్కటెముకల కింద ఉండే ప్లీహం (స్ప్లీన్) చిట్లి పొట్ట నిండా రక్తం.

జరిగేది ఇదీ. పెద్దవాళ్ల ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. ముప్పావు లీటరు దాకా పోయినా పెద్దగా తేడా కనిపించకపోవచ్చు. అది దాటుతుంటే, మెడ ధమనుల్లో, గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమనిలో ఉన్న నాడీ కొసలు ఒత్తిడి తగ్గడం పసిగట్టి మెదడుకు చెబుతాయి. అడ్రినలిన్ పెరుగుతుంది, గుండె వేగంగా కొట్టుకుంటుంది. చర్మం, పేగులు, కిడ్నీల రక్తనాళాలు బిగుసుకుని, ఉన్న రక్తాన్ని గుండెకీ మెదడుకీ మళ్లిస్తాయి. చేతులు చల్లబడేది, మూత్రం తగ్గేది అందుకే. నాళాలు బిగుసుకోవడంతో బీపీలో కింది అంకె పెరిగి పై అంకెకి దగ్గరవుతుంది. ఆ 90ని నేను ముందే పట్టించుకుని ఉండాల్సింది.

అంటే బీపీ నిలబడి ఉందంటే రక్తం సరిపడా ఉందని కాదు, శరీరం తంటాలు పడి నిలబెడుతోందని. వయసులో ఉన్నవాళ్లు ఇలా చాలాసేపు నెట్టుకొచ్చి, ఒక్కసారిగా కూలిపోతారు. మామూలుగా లీటరున్నర దాటాక పై అంకె పడిపోతుంది. అప్పటికే కణాలకు ఆక్సిజన్ అందక లాక్టిక్ ఆమ్లం పేరుకుంటూ ఉంటుంది. ఆ ఆమ్లానికి ఒళ్లు చల్లబడటం తోడైతే రక్తం సరిగా గడ్డకట్టదు. గడ్డకట్టకపోతే ఇంకా కారుతుంది. సెలైన్ ఎక్కువగా ఎక్కిస్తే ఉన్న రక్తం పలచబడుతుందే గానీ ఆక్సిజన్ మోసే ఎర్రకణాలు అందులో ఉండవు. రక్తస్రావం ఆపాలి, రక్తం ఎక్కించాలి.

ఇంకొకటి, గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మాత్రలు వేసుకునేవాళ్లలో నాడి కూడా అంతగా పెరగకపోవచ్చు. వాళ్లను చూసేటప్పుడు చేతులు తాకి చూడండి, మనిషి కంగారుపడుతున్నాడేమో గమనించండి. పైకి రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో బలంగా అదిమి పట్టుకోండి, ఆగిందా అని తీసి చూడొద్దు. దుప్పటి కప్పి, వెంటనే ఆసుపత్రికి చేర్చండి.

ఆ కుర్రాడికి అదే రాత్రి ఆపరేషన్ చేశారు. మర్నాడు ఐసీయూకి వెళ్లి ముందుగా చెయ్యే పట్టుకుని చూశాను. వెచ్చగా ఉంది.