ఒకసారి మెదడులో నాటుకున్న భయం పూర్తిగా పోతుందా?

నా అనుభవంలో పోదు. దాని పక్కన "ఇప్పుడేం కాదులే" అనే ఇంకో జ్ఞాపకం పెరుగుతుంది. అది బలంగా ఉన్నంతసేపు పాత భయం అణిగి ఉంటుంది, అంతే.

2014 అక్టోబర్ 12, ఆదివారం, విశాఖలో హుద్‌హుద్ తుఫాను. ఎంవీపీ కాలనీలో మాది మూడో అంతస్తు. పొద్దున్నుంచీ కిటికీ సందుల్లోంచి గాలి ఈల వేస్తూనే ఉంది. అమ్మా నేనూ పరుపు నిలబెట్టి హాలు కిటికీకి ఆనించి పట్టుకున్నాం. ఉన్నట్టుండి అంతా ఆగిపోయింది. గండం గడిచిందనుకుని నాన్న బాల్కనీ తలుపు తీశారు. తుఫాను కన్ను, అంటే గాలి లేని దాని మధ్య భాగం, మా మీదుగా వెళ్తోందని మాకేం తెలుసు? కాసేపటికి గాలి రెండో వైపు నుంచి వచ్చింది. అదే ఈల, వెంటనే వంటింటి కిటికీ ఫ్రేముతో సహా ఊడి లోపల పడింది. లక్షలు తీసుకుని ఫ్లాట్లు కట్టేవాళ్లు సముద్రం ఒడ్డున కిటికీలు కూడా గట్టిగా బిగించరు. ఆ కోపం నాకింకా తగ్గలేదు.

ఆ తర్వాత ఈల వినిపిస్తే చాలు, గుండె దడ, చేతులు చల్లబడేవి. శబ్దాన్నీ ప్రమాదాన్నీ ముడివేసేది అమిగ్డలా, మెదడులో బాదం గింజ ఆకారంలో ఉండే చిన్న భాగం. పక్కింటి పిన్నిగారు "ఇన్నాళ్లయింది, ఇంకా భయమేటమ్మా?" అనేవారు. అది మాటలకి లొంగేది కాదు, అనుభవం మారాలి.

కిటికీ ఈలని ఫోన్‌లో రికార్డు చేసుకుని రోజూ సాయంత్రం ఆర్కే బీచ్‌లో కూర్చుని విన్నాను. రెండు నెలలకి టెన్షన్ పోయింది. ఇంటికొస్తే మాత్రం మళ్లీ అదే దడ! 2002లో మిలాద్, క్విర్క్ అనే శాస్త్రవేత్తలు ఎలుకలకి ముందు శబ్దంతో పాటు షాక్ ఇచ్చారు, తర్వాత షాక్ లేకుండా శబ్దం మాత్రమే వినిపించి భయం తగ్గించారు. మర్నాడు భయపడని ఎలుకల్లో మెదడు ముందు భాగమైన ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌లోని కణాలు ఆ శబ్దానికి స్పందించాయి. అమిగ్డలాని అదుపు చేసేది ఆ భాగమే. అయితే ఏ చోట అదుపు చేయాలన్నది హిప్పోక్యాంపస్ అనే ఇంకో మెదడు భాగం చూస్తుంది. అందుకే బీచ్‌లో నేర్చుకున్న ధైర్యం బీచ్‌లోనే ఆగిపోయింది. భయం మాత్రం ఏ ఊరెళ్లినా వెంట వస్తుంది.

చివరికి వంటింట్లోనే, ఆ కొత్త కిటికీని అంగుళం తెరిచి, అమ్మతో కూరగాయలు తరుగుతూ ఈల విన్నాను. నెలల తరబడి. అప్పుడు తగ్గింది. భయం ఎక్కడ మొదలైందో అక్కడికి వెళ్లకుండా, దూరంగా కూర్చుని ధైర్యం తెచ్చుకోమని చెప్పేవాళ్ల మాట వినకండి. ఒంటరిగా మాత్రం వెళ్లొద్దు.

ఇప్పుడు ఈలకి భయం లేదు. కానీ పెద్ద గాలి ఒక్కసారిగా ఆగిపోతే, ఇప్పటికీ లేచి వెళ్లి బాల్కనీ తలుపు గడియ పడిందో లేదో చూసి వస్తాను.