చిన్నీకి, వియత్నాం వెళ్లేముందు

చిన్నీ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. మార్చిలో నువ్వు ఒక్కదానివే వియత్నాం వెళ్తున్నావని చెప్పడానికి చేసిందో, నాతో పోట్లాడటానికి చేసిందో తెలియలేదు. "అన్నీ మేనత్త పోలికలే" అని దెప్పింది. ఆ మాటకి లోపల ఎంత పొంగిపోయానో వదినకి మాత్రం చెప్పకు. కానీ ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. ఓపిగ్గా చదువు, మధ్యలో ఆపి రీల్స్ చూడకు.

నెల బాగానే ఎంచుకున్నావు. అక్టోబరు, నవంబరుల్లో అయితే హ్వే, హోయ్ ఆన్ వీధుల్లోకి వరద నీళ్లు రావడం మామూలే. మార్చిలో మధ్య వియత్నాం పొడిగా ఉంటుంది. హనోయ్‌లో సన్న తుంపర, కాస్త చలి. పల్చటి స్వెట్టరొకటి చాలు.

ఈ-వీసా నువ్వే తీసుకో, ఏజెంటు అక్కర్లేదు. ఒకసారి ప్రవేశానికి 25 డాలర్లు, 90 రోజుల వరకు ఇస్తారు. వెబ్‌సైటు చిరునామా చివర జీఓవీ చుక్క వీఎన్ ఉందో లేదో చూసుకో. అచ్చు అలాగే కనిపించే ప్రైవేటు సైట్లు రెట్టింపు గుంజుతాయి. మన తెలుగువాళ్లకి చిక్కంతా ఇంటిపేరు దగ్గరే. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, విమానం టికెట్టులో పొడి అక్షరం ఉంటుంది, వీసాలో ముందుది వెనక్కి పోతుంది. మూడూ ఒక్కలాగే ఉండాలి. పాస్‌పోర్టులో ఏ గడిలో ఏముందో వీసా ఫారంలోనూ ఆ గడిలో అదే రాయి. వీసా వచ్చాక పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు అక్షరం అక్షరం సరిచూడు. తేడా ఉంటే హైదరాబాదు కౌంటర్లోనే ఆపేస్తారు. కట్టిన డబ్బు తిరిగి రాదు.

బ్యాంకు యాప్‌లో కార్డుకి అంతర్జాతీయ వాడకం ఆన్ చెయ్యి. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం కొత్త కార్డుల్లో అది మూసే ఉంటుంది. రెండు వేర్వేరు బ్యాంకుల కార్డులు తీసుకుని, ఒకటి పర్సులో, ఇంకొకటి బ్యాగు అడుగున పెట్టుకో. అక్కడి ఏటీఎం గానీ కార్డు మిషను గానీ "రూపాయల్లో తీసుకోమంటారా, డాంగుల్లోనా" అని అడిగితే డాంగులే నొక్కు, అక్కడి డబ్బు పేరు అది. రూపాయల్లో చూడ్డానికి హాయిగా ఉంటుంది కానీ ఆ మారకం రేటులో వాళ్లు తినేస్తారు.

డాంగు సంగతి. రూపాయికి సుమారు 300 డాంగులు. ధర చూడగానే మూడు సున్నాలు కొట్టేసి మూడుతో గుణించి, పైన ఇంకాస్త వేసుకో. 50,000 అంటే మన 165 చిల్లర. కొట్టువాళ్లు వేలు అనే మాట మింగేసి ఉత్త "యాభై" అంటారు, బోర్డు మీద 50 పక్కన కె అని రాస్తారు. 20,000 నోటు నీలం, 5,00,000 నోటూ నీలమే. రెండింటి మీదా హో చి మిన్ బొమ్మే. మొదటిది 65 రూపాయలు, రెండోది పదహారు వందల పైన. చీకటి పడ్డాక సందు చివర అరటిపండ్లు కొనేటప్పుడే ఈ పొరపాటు జరుగుతుంది. 5 లక్షల నోట్లు వేరే అరలో పెట్టు, వీధిలో పర్సు తీసినప్పుడు అవి కనిపించనే కూడదు. బేరం వేళ్లతో ఆడకు. ఫోన్ క్యాలిక్యులేటర్లో సున్నాలన్నీ వేసి చూపించి, వాళ్ల చేత కూడా నొక్కించు. సైక్లో రిక్షా అయితే ఆ అంకె గంటకా, మొత్తానికా అన్నది ఎక్కకముందే తేలాలి. నువ్వేదో అడిగితే అవతలివాళ్లు చెయ్యెత్తి మణికట్టు అటూ ఇటూ తిప్పారంటే లేదు, కుదరదు అని. కోపం కాదు, నొచ్చుకోకు.

ఇక అసలు సంగతి.

హంపి వెళ్లినప్పుడు ఏం చేశావో గుర్తుందా? హోస్పేట స్టేషన్లో దిగేసరికి ఫోన్ ఆగిపోయింది. లాడ్జి పేరు ఫోన్లో, నాన్న నంబరు ఫోన్లో, డబ్బు ఫోన్లో. అక్కడ తెలుగు వచ్చిన ఆటోవాళ్లు ఉన్నారు కాబట్టి టీ కొట్టులో కూర్చోబెట్టి ఛార్జరు వెతికిచ్చారు. ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పావు, అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. భాష తెలియని దేశంలో ఫోనే నీ నోరు, నీ కళ్లు, నీ పర్సు. అది ఒక్కటి పోతే మూడూ ఒకేసారి పోతాయి.

ఎక్కడ పోతుందో చెబుతాను విను. హనోయ్ నుంచి సాపా అనే కొండ ఊరికి రాత్రి పదింటికి బయల్దేరే స్లీపర్ బస్సు ఉంటుంది. చెప్పులు విప్పి ప్లాస్టిక్ సంచీలో వేసుకుని ఎక్కాలి. పడుకుని నాలుగు గంటలు వీడియోలు చూస్తావు. సీటు దగ్గరి ఛార్జింగు పాయింటు పని చెయ్యదు. బస్సు తెల్లవారుజామున నాలుగింటికే చేరుతుంది. కొన్ని బస్సుల్లో ఆరింటిదాకా పడుకోనిస్తారు, కొన్నింట్లో దింపేస్తారు. దింపేది బస్టాండులో కాకపోవచ్చు, ఆ కంపెనీ ఆఫీసు ముందు కావచ్చు. బయట చలి, మంచు, "టాక్సీ, టాక్సీ" అని నలుగురు మూగుతారు. ఫోన్లో రెండు శాతం. హోటలు పేరు నువ్వు పలికితే వాళ్లకి అర్థం కాదు. ఆ భాషలో స్వరం మారితే మాటే మారిపోతుంది, నువ్వు ఎంత గట్టిగా అరిచినా లాభం లేదు.

అందుకే ప్రతి ఊరికీ ఒక అట్టముక్క. నవ్వకు. నేనడిగేది పోస్టుకార్డంత అట్ట, బాల్‌పెన్ను, అంతే. దాని మీద హోటలు పేరు, చిరునామా వియత్నామీస్‌లో, పైనా కిందా వచ్చే గుర్తులన్నిటితో సహా రాయాలి. బుకింగ్ యాప్‌లో ఆ గుర్తులు ఎగిరిపోయి ఉంటాయి. ముందురోజు హోటలుకే మెసేజ్ పెట్టి వాళ్ల చేత టైప్ చేయించుకుని చూసి రాసుకో. నంబరు మధ్యలో గీత ఉంటే వదిలెయ్యకు. 123/45 అంటే 123 నంబరు దగ్గర లోపలికి పోయే సందులో 45వ ఇల్లు. గీత తర్వాతది వదిలేస్తే పెద్ద రోడ్డు మీద మూసిన షట్టరు ముందు నిలబడతావు. ఇంకో మెలిక కూడా ఉంది. 2025 జులైలో అక్కడ రాష్ట్రాలన్నీ కలిపేసి 34 చేశారు, జిల్లాలు ఎత్తేశారు. హోయ్ ఆన్ ఇప్పుడు డా నాంగ్‌లో భాగం. పాత చిరునామా, కొత్త చిరునామా వేరుగా కనిపిస్తే కంగారు పడకు, వీధి పేరు, ఇంటి నంబరు చూసుకో.

చిరునామా కింద హోటలు ఫోన్ నంబరు. బయటి నుంచి చేస్తే ప్లస్ 84, అక్కడివాళ్లు చేస్తే 84 తీసేసి ముందు సున్నా. సున్నాతోనే రాయి, ఎందుకంటే డయల్ చేసేది అక్కడి మనిషి. దాని కింద "దయచేసి ఈ నంబరుకి ఫోన్ చేసి నేను ఇక్కడున్నానని చెప్పండి" అన్న వాక్యం వాళ్ల భాషలో. ఈ ఒక్క వాక్యం ఉంటే టీ అమ్ముకునే ముసలమ్మ కూడా నీకు సాయం చేస్తుంది. అట్ట వెనక మీ నాన్న నంబరు, రక్తం గ్రూపు, హనోయ్‌లో మన ఎంబసీ నంబరు, హో చి మిన్ సిటీలో మన కాన్సులేట్ నంబరు. పోలీసు 113, అంబులెన్సు 115. కానీ 115కి నువ్వు చేసి ఇంగ్లీషులో మాట్లాడేకన్నా పక్కనున్న వాళ్ల చేత చేయించడం మేలు.

ఫోన్ విషయంలో ఇంకో జాగ్రత్త. తెర పగిలిన పాత ఫోన్ ఉందిగా. దాంట్లో మన సిమ్ వేసి, రోమింగ్ ఆన్ చేసి, డేటా ఆపేసి, గదిలో పెట్టి వెళ్లు. ఓటీపీలు దానికి వస్తాయి. చేతిలో ఫోన్‌కి అక్కడి వియెట్టెల్ కంపెనీ సిమ్, పాస్‌పోర్టు చూపించి కొనుక్కో. హో చి మిన్ సిటీలో స్కూటర్ల మీద వచ్చి చేతిలో ఫోన్ లాక్కుపోతారు. మ్యాప్ చూడాలంటే గోడవైపు తిరిగి, ఏదో కొట్టు లోపల నిలబడి చూడు. అనువాద యాప్‌లో వియత్నామీస్ ముందే డౌన్‌లోడ్ చేసుకో. చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాలు రాయి, వచ్చినదాన్ని మళ్లీ వెనక్కి తిప్పి చూడు. అర్థం అదే ఉంటేనే చూపించు.

రాత్రి బస్సు కన్నా రైలు మంచిదని నా అభిప్రాయం. హనోయ్ నుంచి హ్వేకి రాత్రి రైలు, నాలుగు బెర్తుల పెట్టెలో కింది బెర్తు. హ్వే నుంచి డా నాంగ్‌కి పగటి రైలు, ఎడమ కిటికీ. హై వాన్ కనుమ దగ్గర సముద్రం రైలు కిందే ఉన్నట్టుంటుంది. అది చూడకుండా నిద్రపోయావా, నాతో మాట్లాడకు.

ఊళ్లో తిరగడానికి గ్రాబ్, మన ఓలా లాంటి యాప్. ఆకుపచ్చ కోటు వేసుకున్న ప్రతివాడూ నీ డ్రైవరు కాడు, బండి నంబరు చూసి ఎక్కు. అతను ఫోన్ చేస్తే కంగారుపడి ఎత్తకు, యాప్‌లోనే మెసేజ్ రాయి, అదే అనువదిస్తుంది.

బండి మాత్రం అద్దెకి తీసుకోవద్దు. ఇందులో బేరం లేదు. మన అంతర్జాతీయ లైసెన్సు 1949 నాటి రోడ్డు రవాణా ఒప్పందం ప్రకారం ఇచ్చేది, వియత్నాం ఒప్పుకునేది 1968 నాటి ఒప్పందం ప్రకారం ఇచ్చినదాన్నే. అద్దెకిచ్చేవాడు "ఏం ఫర్వాలేదు" అంటాడు. పడి కాలు విరిగితే లైసెన్సు చెల్లదని బీమా కంపెనీ చేతులెత్తేస్తుంది, ఆసుపత్రి బిల్లు మీ నాన్న కడతాడు. కొండ దారుల్లో వెనక కూర్చోబెట్టి తిప్పేవాళ్లు ఉంటారు, వాళ్లతో వెళ్లు, హెల్మెట్ పట్టీ బిగించుకో. పాస్‌పోర్టు ఎవరి దగ్గరా తాకట్టు పెట్టకు. హోటలువాళ్లు పోలీసు నమోదుకి తీసుకుంటారు, అది చట్టమే. కానీ గదికెళ్లే ముందే వెనక్కి అడుగు.

తిండి గురించి మీ అమ్మ దిగులు. నువ్వు శనివారాలు నీచు ముట్టవు, మిగతా రోజులు ఏదో తింటావు. సీ, హెచ్, ఏ, వై అని బోర్డు ఉన్న కొట్టు శాకాహారం. మామూలు కొట్టులో కూరగాయల నూడుల్సే అడిగినా పులుసు ఎముకలది, రుచికి వేసేది చేపల రసం. "చేపల సాస్ వద్దు, మాంసం వద్దు, ఎముకల పులుసు వద్దు" అని విడివిడిగా రాసి చూపించు. వాళ్ల చాంద్రమానంలో నెల మొదటి రోజు, పదిహేనో రోజు, అంటే మన అమావాస్య, పౌర్ణమి దరిదాపుల్లో, శాకాహారం ఎక్కువ చోట్ల దొరుకుతుంది. మీ అమ్మ ఆవకాయ సీసా పెడుతుంది. 7 కిలోల చేతి బ్యాగుతో వెళ్తున్నావు, సెక్యూరిటీలో తీసి పక్కన పడేస్తారు. కందిపొడి పెట్టమను.

వాళ్ల టైము మనకంటే గంటన్నర ముందు. అక్కడ రాత్రి తొమ్మిదికి మీ అమ్మకి ఒక్క మెసేజ్ పెట్టు, ఫొటో లేకపోయినా ఫర్వాలేదు. ఏ రాత్రైనా బస్సులో ఉంటే బస్సు కంపెనీ పేరు నాకు పంపు, తనకి వద్దు.

వీసా రాగానే కాపీ నాకు పంపు. ఇంటిపేరు స్పెల్లింగు నేనూ ఒకసారి చూస్తాను.

అత్త