చెప్పాపెట్టకుండా వస్తే ‘పరారీ’యా?

సందేహం: మా అబ్బాయి బెంగళూరులో ఉద్యోగం చేసేవాడు. ఇద్దరు చేయాల్సిన పని ఒక్కడి మీద పడితే తట్టుకోలేక, ఒక శుక్రవారం రాత్రి బస్సెక్కి తెల్లవారేసరికి బెంజ్ సర్కిల్ దగ్గర దిగాడు. మళ్లీ వెళ్లలేదు. ఆఫీసు నుంచి ఫోనులు వస్తే ఎత్తలేదు. పది రోజులకు కంపెనీ పంపిన లేఖలో వాడిని ‘అబ్‌స్కాండింగ్’ అని రాశారు. మా మామగారు అర్థం అడిగితే నిఘంటువు చూసి ‘పరారీ’ అన్నాను. మన ఇంటా వంటా పరారీ అయినవాడు లేడంటూ ఆయన ఆ పూట అన్నం ముట్టలేదు. నేను చెప్పిన అర్థం సరైనదేనా? పరారు, పరారీ, పలాయనం ఒకే మాటకు రూపాలా?
– ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

సమాధానం: అమ్మా, నిఘంటువు మీకు అబద్ధం చెప్పలేదు. కాకపోతే అది ఒక మాటకు ఎదురుగా మరో మాట పెట్టి ఊరుకుంటుంది. ఆ మాట వెనకాలే వచ్చే వారెంటు, పోలీసు జీపు, పత్రికలో ఫొటో సంగతి దానికి పట్టదు. తెలుగులో ‘పరారీ’ అనగానే ఇవన్నీ వచ్చి వాకిట్లో నిలబడతాయి. మీ మామగారు కంచం ముందు నుంచి లేచిపోయింది వాటిని చూసే.

ఆ ఇంగ్లిష్ క్రియకు మూలం లాటిన్‌లో ఉంది. అక్కడి ‘కొందెరె’ అనే ధాతువుకు దాచడం, భద్రపరచడం అని అర్థం. ముందు ‘అబ్స్’ చేరితే కంటికి దూరంగా దాచడం అవుతుంది. పరుగు ఊసే లేదు. గోడకు బిగించే దీపపు కొమ్మను ఇంగ్లిష్‌లో ‘స్కాన్స్’ అంటారు, అదీ ఈ వంశపు మాటే. మొదట అది గాలికి ఆరిపోకుండా మరుగు పెట్టిన దీపం. మన గూటిదీపానికి దూరపు చుట్టమనుకోండి.

న్యాయస్థానాలు కూడా ఈ మరుగునే పట్టుకున్నాయి. ఈ మాటకు ఉన్నచోటు విడిచిపోవడమే అర్థమనుకోనక్కర్లేదని, దాక్కోవడమే దాని అసలు అర్థమని మద్రాసు హైకోర్టు 19వ శతాబ్దంలోనే చెప్పింది. (అప్పట్లో మన గుంటూరు, బెజవాడ రెండూ కృష్ణా జిల్లాలో ఉండేవి, ఆ హైకోర్టు మాటే మనకూ చెల్లేది.) అంటే వారెంటు పుట్టినవాడు మా బ్రాడీపేటలో సొంత ఇంటి అటక మీద, పాత ఇత్తడి గంగాళాల వెనక ముడుచుకుని కూర్చున్నా ఆ ఇంగ్లిష్ మాటకు తగినవాడే. తెలుగులో మాత్రం అతన్ని ‘పరారీలో ఉన్నాడు’ అంటే గంగాళాలు కూడా నవ్వుతాయి. మన పరారీకి కాళ్లు కావాలి, ఊరు దాటాలి.

చట్టం దృష్టిలో ఈ ముద్ర వేయడం అంత తేలిక కూడా కాదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో ఇది 84వ సెక్షన్. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 82వది. ముందు వారెంటు ఉండాలి. అది అందకుండా మనిషి దాక్కున్నాడని కోర్టు నమ్మాలి. అప్పుడు, ఫలానా చోట, ఫలానా వేళ హాజరు కావాలంటూ 30 రోజులకు తగ్గని గడువుతో ప్రకటన వెలువడుతుంది. దాన్ని అతను ఉండే ఊళ్లో నలుగురికీ వినిపించేలా చదవాలి, ఇంటికి అంటించాలి. మీ ఇంటి తలుపుకు ఎవరూ ఏమీ అంటించలేదు కదా! కంపెనీల వాడుకలో ఆ మాట పలచబడి, సెలవు చీటీ గానీ రాజీనామా గానీ ఇవ్వకుండా రావడం మానేసినవాడికి తగిలించే చీటీగా మారింది. కోర్టు గుమ్మం ముందు మాటను తెచ్చి హాజరు పట్టీలో రాయడం నాకు నచ్చదు. కానీ వాడుక నన్ను అడిగి నడవదు.

ఈ సందర్భానికి మనకు ‘చెప్పాపెట్టకుండా’ అనే చక్కటి మాట ఉంది. ఇందులో ‘పెట్టు’కు వేరే అర్థం వెతకనక్కర్లేదు, ‘చెప్పు’కు తోడుగా వచ్చింది. ‘చెప్పాపెట్టకుండా ఉద్యోగం మానేశాడు’ అంటే జరిగింది జరిగినట్టు వచ్చేస్తుంది. తప్పు ఎంతో అంతే ఉంటుంది. కాస్త కచేరీ భాష కావాలంటే ‘సమాచారం ఇవ్వకుండా గైర్హాజరు’ అనండి.

ఇక మీ రెండో ప్రశ్న. పరారీ, పలాయనం చూడటానికి కవలల్లా ఉన్నా వేర్వేరు ఇళ్ల పిల్లలు. అరబ్బీ ‘ఫిరార్’ ఫార్సీ, ఉర్దూల మీదుగా ‘ఫరార్’ అయి మన దగ్గరికి వచ్చింది. ‘ఫ’ పలకని తెలుగు నాలుక ఫౌజును పౌజు, ఫిరంగిని పిరంగి చేసినట్టే దీన్ని పరారు చేసుకుంది. ఒకసారి తరగతిలో ఒక విద్యార్థి దీన్ని ‘పర, అరి’ అని విడదీసి ‘పరుల శత్రువు’ అని అర్థం చెప్పాడు. సంధి తప్పు లేదు గనుక సగం మార్కు ఇచ్చాను. పలాయనం శుద్ధ సంస్కృతం. ‘పరా’ అనే ఉపసర్గ మీద ‘అయ’ ధాతువు వస్తే రకారం లకారమవుతుందని పాణిని సూత్రం, ‘ఉపసర్గస్యాయతౌ’ (8-2-19). పరాయనం కావలసింది అలా పలాయనమైంది. దీని పక్కన మనవాళ్లు ‘చిత్తగించు’ను చేర్చారు చూడండి, అక్కడుంది వెటకారం. పాత ఉత్తరాల్లో పెద్దలకు ‘చిత్తగించవలెను’ అని రాసేవారు. కాలికి బుద్ధి చెప్పినవాడికి అంత మర్యాద చేసి ‘పలాయనం చిత్తగించారు’ అనడం తెలుగువాడికే చెల్లింది.

‘పరారయ్యాడు’ అంటే ఆ క్షణంలో జరిగిన పని. ‘పరారీలో ఉన్నాడు’ అంటే ఇంకా దొరకలేదని. రెండూ సరైనవే. ‘తప్పించుకున్నాడు’ అనాలంటే అంతకు ముందు ఒక పట్టు గానీ, మీదికి వచ్చే ప్రమాదం గానీ ఉండాలి. లారీ కింద పడబోయి తప్పించుకున్నవాడిని ఎవరూ పరారీ అనరు. ‘ఉడాయించు’ హిందీ నుంచి వచ్చింది, చేతిలో సొమ్ము లేకపోతే అంతగా అతకదు. చిట్టీల వాళ్లయితే ‘బిచాణా ఎత్తేస్తారు’. బిచాణా అంటే పరుపు. పడక చుట్టుకుని పోయారన్నమాట.

మా గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల ఇంకో మాట వినిపిస్తుంది, ‘ఐపీ పెట్టాడు’. ఇన్సాల్వెన్సీ పిటిషన్ అనే మాటకు అది పొట్టి రూపం, 1920 నాటి చట్టం నుంచి వచ్చింది. ఐపీ పెట్టడమంటే అప్పులు తీర్చలేనని తానే కోర్టు మెట్లెక్కి చెప్పుకోవడం. అలాంటివాడిని కూడా మా వీధిలో ‘పరారీ’ జాబితాలోనే వేస్తారు. రెండు పనులూ చేసినవాళ్లు లేకపోలేదు గానీ, మాటలను మాత్రం విడిగా ఉంచడం మంచిది.

మరి ఆ లాటిన్ వేరుకు అచ్చంగా సరిపోయే తెలుగు మాట లేదా అంటే, ఉంది. ‘ముఖం చాటేయడం’. చాటు అంటే మరుగు. ముఖాన్ని చాటున వేసుకోవడం. ఊరు దాటనక్కర్లేదు, పరుగెత్తనక్కర్లేదు. అప్పిచ్చినవాడు అరండల్‌పేటలో ఎదురొస్తే పక్క సందులోకి తిరిగిపోయేవాడు ముఖం చాటేసినవాడే. ‘కళ్లుగప్పడం’లో చూసేవాడి కళ్ల మీద తెర వేస్తాం, ఇందులో మన ముఖం మీదే వేసుకుంటాం.

ఇంత చెప్పాక ఒక మాట దాచలేను. మీ అబ్బాయి పరారీ కాలేదు, నిజమే. ఎక్కడికి పోయాడో తెలియని స్థితీ లేదు, మీ ఇంట్లోనే ఉన్నాడు. కానీ పది రోజులు ఫోను ఎత్తలేదని మీరే రాశారు. అందుకని మీ మామగారు మళ్లీ అడిగితే ‘ముఖం చాటేశాడు’ అని చెప్పండి. మనవణ్ణి తిడతారు, కానీ అన్నం తింటారు.