వానోస్ మార్చే ముందు ఈ ఉత్తరం చదువు

చి. సాయికి,

మామయ్య ఆశీస్సులు. మీ అమ్మ ఫోన్ చేసి, నువ్వు కారు ఇంజన్ విప్పుతానంటున్నావని చాలా టెన్షన్ పడింది. విప్పడం మంచిదే, నేర్చుకోవాల్సిన వయసు నీది. కాకపోతే నువ్వు మెసేజ్‌లో రాసిన ప్లాన్ నాకు నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో వివరంగా రాస్తున్నాను, ఓపికగా చదువు.

నీది 1997 బీఎండబ్ల్యూ 328ఐ, ఎం52 ఇంజన్. జంక్‌యార్డ్‌లో 2000 నాటి 328ఐ కనిపించింది, దాని డబుల్ వానోస్ యూనిట్ (ఇంజన్ నడుస్తుండగా వాల్వులు తెరుచుకునే టైమింగ్‌ను మార్చే భాగం) ఊడదీసి నీ ఇంజన్‌కు బిగిస్తే పికప్ పెరుగుతుందని అనుకుంటున్నావు. రెండూ 2.8 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్లే, పక్కపక్కన పెడితే అన్నదమ్ముల్లా ఉంటాయి. అందుకే చాలామంది ఇక్కడే పొరబడతారు.

వాల్వులను తెరిచే కడ్డీలే క్యామ్‌లు: గాలి లోపలికి వచ్చే వైపుది ఇన్‌టేక్, పొగ బయటికి పోయే వైపుది ఎగ్జాస్ట్. నీ ఇంజన్‌లో ఇన్‌టేక్ క్యామ్ ఒక్కటే కదులుతుంది. సోలనాయిడ్ (కరెంటుతో పనిచేసే చిన్న వాల్వు) తెరుచుకుంటే ఆయిల్ ప్రెషర్ పిస్టన్‌ను తోస్తుంది. ఆ పిస్టన్ చివర ఏటవాలు పళ్లున్న గేర్ ఉంటుంది. అది ముందుకు జరిగితే క్యామ్ కాస్త తిరుగుతుంది. అది కూడా ఆన్ లేదా ఆఫ్, మధ్యస్థం లేదు. ఆ జంక్‌యార్డ్ కారులో ఉన్నది 1998లో వచ్చిన ఎం52టీయూ ఇంజన్, దాంట్లో రెండు క్యామ్‌లూ కదులుతాయి, ఎంత కావాలంటే అంత. అందుకు దాని క్యామ్‌లు వేరు, హెడ్డు (సిలిండర్ల పైన కూర్చునే భాగం) వేరు, సోలనాయిడ్లు రెండు, క్యామ్ సెన్సర్లు రెండు. వీటన్నిటినీ నడిపేది ఎంఎస్42 కంప్యూటర్. నీ కారులో ఉన్నది ఎంఎస్41, దానికి ఒక్క వానోస్‌ను నడపడమే తెలుసు. యూనిట్ ఒక్కటే తెచ్చుకుంటే నీ హెడ్డుకు కూర్చోదు. హెడ్డుతో సహా తెచ్చి పెట్టినా ఎగ్జాస్ట్ క్యామ్‌కు ఆజ్ఞ ఇచ్చేవాడే ఉండడు. రెండో సోలనాయిడ్‌ను వైరు లేకుండా గాలికి వదిలేసిన బండ్లు మా షెడ్డుకు వచ్చేవి. అంత ఖర్చు పెట్టి, ఉన్న పికప్ కూడా పోగొట్టుకున్న బండ్లు అవి.

ఇంతకీ ఎంత లాభం కోసం ఈ శ్రమ? అమెరికాలో అమ్మినప్పుడు కంపెనీ చెప్పిన లెక్కల్లో నీ కారు 190 హార్స్‌పవర్, ఆ కొత్తది 193. తేడా మూడంటే మూడు. అసలు లాభం టార్క్‌లో, అంటే ఇంజన్ లాగే బలంలో ఉంది. నీ ఇంజన్‌లో పూర్తి టార్క్ 3950 ఆర్‌పీఎం దగ్గర వస్తే, దాంట్లో 3500 దగ్గరే వచ్చేస్తుంది. ట్రాఫిక్‌లో అది తెలుస్తుంది, నిజమే. కానీ నువ్వు చెప్పిన లక్షణాలు, అంటే 3000 లోపు ఇంజన్ బద్ధకంగా ఉండడం, ఆ తర్వాత ఉన్నట్టుండి లాగడం, ఇవి డబుల్ వానోస్ లేకపోవడం వల్ల వచ్చేవి కావు. నీ వానోస్ పిస్టన్ మీది సీలు కింద ఉండే రబ్బరు రింగు వేడికి, ఆయిల్‌కి గట్టిపడి ఉంటుంది. ఆయిల్ పక్కనుంచి జారిపోతుంది, పిస్టన్ చివరిదాకా జరగదు. ముందు ఆ సీలు మార్చు. కంపెనీ రబ్బరే మళ్లీ వేయకుండా, వేడిని తట్టుకునే వైటాన్ రింగు, టెఫ్లాన్ సీలు ఉన్న కిట్ తీసుకో.

ఆ పని చేసేటప్పుడు తొందర పనికిరాదు. ఫ్లైవీల్‌ను పిన్నుతో లాక్ చెయ్యి, క్యామ్‌ల వెనక చివర లాకింగ్ టూల్ పెట్టు. ఆ టూల్ అద్దెకు దొరుకుతుంది, లేకుండా మాత్రం మొదలుపెట్టకు. రెండు క్యామ్‌ల మధ్య ఉండే చిన్న చైన్ టెన్షనర్‌ను కిందికి నొక్కి, సన్నని పిన్ను గుచ్చి ఆపు. ఇన్‌టేక్ స్ప్రాకెట్ (చైన్ తిప్పే పళ్ల చక్రం) బోల్టులు వదులు చేశాక యూనిట్ లాగితే, ఏటవాలు పళ్ల వల్ల స్ప్రాకెట్ దానంతట అదే కొంచెం తిరుగుతుంది, కంగారు పడకు. తిరిగి బిగించేటప్పుడు స్ప్రాకెట్‌ను ముందు నుంచి చూస్తే గడియారం ముల్లు వైపు పూర్తిగా తిప్పి, మొదట కలిసే పన్నులోనే గేర్‌ను కూర్చోబెట్టి మెల్లగా లోపలికి తొయ్యి. ఒక్క పన్ను తప్పితే టైమింగ్ తప్పినట్టే. ఇది వాల్వులు పిస్టన్లకు తగిలే రకం ఇంజన్. అందుకే తాళం తిప్పే ముందు, లాకులన్నీ తీసేసి, క్రాంక్ బోల్టుకు పానా పెట్టి చేత్తో రెండు చుట్లు తిప్పు. ఎక్కడైనా గట్టిగా అడ్డం పడితే బలం పెట్టకుండా అక్కడే ఆపు. ఆయిల్ పైపు బోల్టుకు కొత్త వాషర్లే వెయ్యి.

నీ రూమ్మేట్‌ది 2003 330ఐ అన్నావు కదా. వాడు మాత్రం ఆ జంక్‌యార్డ్ యూనిట్‌ను నిశ్చింతగా తీసుకోవచ్చు. ఎం52టీయూ, దాని తర్వాత 2000లో వచ్చిన ఎం54, రెండింటికీ అదే యూనిట్ సరిపోతుంది. ఊడదీసేటప్పుడు లోపలి రెండు టీ30 (నక్షత్రం ఆకారపు తల) బోల్టులు ఎడమ మరవి అని చెప్పు. మామూలు బోల్టుల్లా ఎడమవైపు తిప్పితే ఇంకా బిగుసుకుని తలలు అరిగిపోతాయి.

అయినా డబుల్ వానోసే కావాలని మనసు లాగితే ఇంజన్ మొత్తం తెచ్చుకో: కంప్యూటర్, వైరింగ్ హార్నెస్, థ్రాటిల్, సెన్సర్లన్నీ ఒకే కారువి. అప్పుడు ఈ46 (ఆ 2000 నాటి 328ఐ మోడల్) కోసం చూడకు, 1999 లేదా 2000 నాటి జెడ్3 2.8 కోసం చూడు. దాని కరెంటు వ్యవహారమంతా నీ కారు మోడల్ ఈ36 పద్ధతిలోనే ఉంటుంది కాబట్టి వైరింగ్ తలనొప్పి చాలా తగ్గుతుంది. కంప్యూటర్‌కూ తాళానికీ ఉండే లింకు ముందే తేల్చుకో, లేకపోతే అన్నీ బిగించాక బండి స్టార్ట్ కాదు. ఇంకోటి, ఆ ఇంజన్ బ్లాక్ అల్యూమినియం. ఒకసారి బాగా వేడెక్కిందంటే హెడ్డు బోల్టుల మరలు పోతాయి. నీ దగ్గరున్నది అమెరికాకు పంపిన ఇనుప బ్లాక్, దాన్ని చులకనగా చూడకు.

ఈ శనివారం సీలు కిట్ ఆర్డర్ పెట్టు. వాల్వ్ కవర్ గాస్కెట్ కూడా కలిపి తెప్పించు, కవర్ ఎలాగూ తీయాలి. కవర్ తీశాక క్యామ్‌ల ఫోటో పంపించు, చూసి ఫోన్ చేస్తాను.

మీ
మామయ్య