డింగ్ లిరెన్ అంత తేలికైన తప్పు ఎలా చేశాడు?

2024 డిసెంబరు 12న సింగపూర్‌లో గుకేశ్‌తో జరిగిన ప్రపంచ చెస్ చాంపియన్‌షిప్ ఆఖరి గేమ్ గురించి అడిగారు, "మా అబ్బాయి కూడా చెయ్యని తప్పు" అన్నారు. పక్కన ఇంజిన్ బార్ (ఎవరిది పైచెయ్యో కంప్యూటర్ లెక్కగట్టి చూపే గీత) పెట్టుకుని చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది లెండి.

అప్పటికి స్కోరు 6.5–6.5. డ్రా అయితే మర్నాడు ర్యాపిడ్, అంటే తక్కువ టైములో ఆడే గేములతో తేల్చుకోవాలి. తెల్లపావులతో ఆడుతున్న డింగ్‌కి ఒక బంటు తక్కువ. గంటల తరబడి కాచుకుంటూ వచ్చాడు. 55వ ఎత్తులో ఏనుగును ఎఫ్2కి తెచ్చి, మార్చుకుందాం రమ్మన్నాడు. గుకేశ్ కొట్టేశాడు, వెంటనే బిషప్‌ను డీ5లో పెట్టాడు. డింగ్ బిషప్ ఏ8 మూలన ఇరుక్కుని ఉంది. అదీ మార్చుకోక తప్పదు. ఇక మిగిలింది రాజులు, బంట్లు; బంటు ఎక్కువున్న గుకేశ్‌దే గెలుపు. 58వ ఎత్తుకల్లా డింగ్ ఓటమి ఒప్పుకుని రిజైన్ చేశాడు.

విజయనగరంలో మా ఓపెన్ టోర్నమెంట్ ఆఖరి రౌండ్‌లో, ఫస్ట్ బోర్డు మీద అచ్చం ఇలాంటిదే చూశాను. ఇద్దరూ గట్టి ఆటగాళ్లే. మిగతా బోర్డులన్నీ అయిపోయి పిల్లలు చుట్టూ మూగారు, వేదిక మీద కప్పులు సర్దుతున్నారు. బంటు తక్కువున్న ఆయన అప్పటిదాకా ప్రతి ఎత్తుకీ చేతులు ఒళ్లో పెట్టుకుని ఆలోచించాడు. ఏనుగులు మార్చుకునే ఎత్తు మాత్రం చటుక్కున వేసేసి, స్కోర్ షీట్ మీద తాపీగా రాసుకుని, టీ గ్లాసు అందుకున్నాడు. అవతలాయన రాజు ఒక గడి ముందుకొచ్చాక గానీ ఆ గ్లాసు కింద పెట్టలేదు. అప్పటికే అయిపోయింది.

అలసిపోయినవాడికి మార్పిడి కనిపిస్తే "హమ్మయ్య, గట్టెక్కాం" అనిపిస్తుంది. లెక్క ఆపేసేది సరిగ్గా అక్కడే. ఏనుగులున్నంతసేపు చిన్న పొరపాటు జరిగినా చెక్‌లు ఇస్తూ లాక్కురావచ్చు; బంట్ల ఎండింగ్‌లో ఒక్క గడి తేడా వస్తే కొంప మునిగినట్టే. పైగా సింగపూర్‌లో 40వ ఎత్తు తర్వాత అదనంగా ఇచ్చింది అరగంట, ఆపైన ఎత్తుకో 30 సెకన్లు. టెన్షన్ ఎంతో మీరే ఊహించుకోండి. అయినా తప్పంతా ఆ ఒక్క ఎత్తుదే అనను. బిషప్ అంత మూలకి చేరకపోతే పక్కకి తప్పుకోవడానికి చోటుండేది.

మీ అబ్బాయికి 50వ ఎత్తు దగ్గర్నుంచి తెల్లపావులు ఇవ్వండి. ఇంజిన్ ఆపేసి, క్లాక్ పెట్టి, మీరు నల్లపావులతో ఆడండి. ఏనుగులు మార్చుకోవడానికి వాడి చెయ్యి ఎంత త్వరగా వెళ్తుందో చూడండి.