ముందు కూలి లెక్క చూడు

తమ్ముడూ,

యూరప్ సినిమాల్లో వలస కుటుంబాల మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. ‘హృదయవిదారకం’ నాలుగుసార్లు వచ్చింది. నాలుగూ కొట్టేయ్. ఆ ఇంట్లో ఎవరు ఏ పనికి పోతున్నారు, చేతిలో ఏ కాగితం ఉంది, అద్దె ఎవరికి కడుతున్నారు? కథ నడిచేదే వాటి మీద. నీ వ్యాసంలో అవి లేవు.

మంచునే తీసుకో. ఇటలీ దర్శకుడు విస్కోంతి తీసిన ‘రోకో అండ్ హిజ్ బ్రదర్స్’ (1960)లో దక్షిణ ఇటలీ నుంచి మిలాన్ చేరిన తల్లి, మంచు పడుతోందని సంబరపడుతూ కొడుకుల్ని నిద్ర లేపుతుంది. వీధుల్లో మంచు ఎత్తే కూలి దొరుకుతుందని! క్సావియర్ కోలర్ ‘జర్నీ ఆఫ్ హోప్’ (1990)లో టర్కీ పల్లె దంపతులు ఉన్నదంతా అమ్ముకుని, ఏడుగురు పిల్లల్లో ఒక్కణ్ణే వెంటబెట్టుకుని స్విట్జర్లాండుకు బయల్దేరతారు. ఆల్ప్స్ కనుమలో మంచు ఆ పిల్లాణ్ణి తినేస్తుంది. మొదటి కుటుంబం సొంత దేశంలోనే ఊరు మారింది, రెండోది దొంగదారిన సరిహద్దు దాటింది. రెండు సన్నివేశాలూ పక్కపక్కన పెట్టు, విశేషణాలతో పనుండదు.

అందర్నీ ‘శరణార్థులు’ అనకు. ఫాస్‌బిండర్ ‘అలీ: ఫియర్ ఈట్స్ ద సోల్’ (1974)లో మొరాకో అలీ శరణార్థి కాదు, పశ్చిమ జర్మనీకి పనికోసం వచ్చిన ‘అతిథి కార్మికుడు’. చివర్లో కడుపులో పుండుతో ఆస్పత్రిలో పడతాడు. విదేశీ కూలీలకు ఇది మామూలే, ఆపరేషన్ చేసినా ఆర్నెల్లకు మళ్లీ వస్తుందంటాడు డాక్టరు. డార్డెన్ సోదరుల ‘లా ప్రొమెస్’ (1996)లో తనిఖీవాళ్లొచ్చిన కంగారులో బుర్కినా ఫాసో కూలీ పరంజా మీంచి పడితే, యజమాని ఆస్పత్రికి చేర్చడు. చేరిస్తే కాగితాల్లేనివాళ్లను పనిలో పెట్టుకున్న గుట్టు రట్టవుతుంది. ‘క్రూరుడు’ అని రాసి ఊరుకోకు, ఆ లెక్క రాయి.

మొదటిసారి చూసేటప్పుడు పెన్ను ముట్టుకోకు. రెండోసారి నోటుబుక్కులో నిలువుగీత గీయి. ఎడమవైపు డబ్బో కాగితమో చేతులు మారిన ప్రతిచోటూ, నిమిషంతో సహా. కుడివైపు ఎవరు ఎవరితో ఏ భాష మాట్లాడారో. సబ్‌టైటిల్ ఈ రెండోదాన్ని మింగేస్తుంది. ఫ్రెంచి సినిమా ‘దీపన్’ (2015)లోని శ్రీలంక తమిళం మన చెవికి కాస్తో కూస్తో అందుతుంది. అందులో చనిపోయినవాళ్ల పాస్‌పోర్టుల మీద, ఒకే కుటుంబమని చెప్పుకుని ఫ్రాన్స్ చేరిన ముగ్గురూ నిజానికి ఒక కుటుంబమే కాదు. గడప లోపల, గడప బయట ఒకరినొకరు ఎలా పిలుచుకుంటారో విను.

ఆఖరి పేరాలో తెలంగాణ వలసల గురించి చెప్పే ‘బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి’ మాట తెచ్చావు. ఉంచు. కానీ పశ్చిమ జర్మనీ 1973 నవంబరులో కొత్త కూలీలను రప్పించుకోవడం ఆపేశాక, ఒకసారి ఊరెళ్తే మళ్లీ రానివ్వరన్న భయంతో చాలామంది పెళ్లాంపిల్లల్ని అక్కడికే తెచ్చుకున్నారు. గల్ఫ్‌లో మన కూలీలు ఎక్కువమందికి ఆ వీలు లేదు. యూరప్ వలస సినిమాల్లో వంటగదులెందుకు అన్ని కనిపిస్తాయో దీన్నిబట్టి రెండు వాక్యాల్లో చెప్పి, వ్యాసం మళ్లీ పంపు.